టిక్కీ మోసే నడుముకి కాటా ఎక్కడ?

సంక్రాంతి దాటాక గుంటూరు మిర్చి యార్డు వైపు బండి మీద వెళ్ళారా? హెల్మెట్ అద్దం దించినా తుమ్ములు ఆగవు. ఇన్‌స్టాలో ఆ యార్డు రీల్స్ చాలామంది చూసే ఉంటారు. ఎర్రటి కుప్పలు, పైనుంచి డ్రోన్ షాట్, వెనక మాస్ బీజీఎం. అదే రీల్‌లో ఓ మూల, వీపు మీద బస్తా వేసుకుని ముందుకి వంగి చకచకా నడిచిపోయే మనిషి ఒకాయన కనిపిస్తాడు. ఆయనెవరో ఎవరూ అడగరు. ఈసారి ఆయన నడుము గురించి మాట్లాడుకుందాం.

ఆయన వీపు మీదున్న బస్తాని మా వైపు టిక్కీ అంటారు. గోనెసంచిలో కాళ్ళతో తొక్కి మరీ కూరిన మిర్చి. 40 నుంచి 45 కిలోల దాకా తూగుతుంది. సీజన్ ముమ్మరంగా ఉన్నప్పుడు యార్డుకి ఒక్కరోజులో లక్ష టిక్కీలు దాటి వస్తాయి. లక్ష టిక్కీలంటే, 45 కిలోల చొప్పున, 4,500 టన్నులు. అది ఒక్కసారి ఎత్తితే. కానీ ఏ టిక్కీనీ ఒక్కసారి ఎత్తి వదిలేయరు. కల్లం నుంచి ట్రాక్టర్ మీదకి, ట్రాక్టర్ నుంచి యార్డులోకి, కాటా మీదకి, అక్కడి నుంచి లారీలోకి. ధర లేదనుకుంటే కోల్డ్ స్టోరేజీకి, అక్కడ లోపల పై వరుసల దాకా. నాలుగు నెలలయ్యాక మళ్ళీ కిందకి, మళ్ళీ లారీలోకి. నేను వేళ్ళ మీద లెక్కపెడితే, మన ఇంట్లో పచ్చడిలో పడేలోపు ఒక్కో టిక్కీ ఆరేడు వీపులు మారుతోంది.

వర్క్ ఫ్రమ్ హోమ్ రోజుల్లో నేను ఊళ్ళో ఉన్నాను. మా కల్లంలో ముఠా వాళ్ళు ట్రాక్టర్‌కి లోడ్ చేస్తుంటే ఓ చెయ్యి వేద్దామని దిగాను. జిమ్‌కి వెళ్తున్నాననే ధైర్యం ఒకటి. ఎనిమిది టిక్కీల దాకా బానే ఉంది. తొమ్మిదోది నేల మీద నుంచి లేపి పక్కకి తిరిగానో లేదో, నడుం దగ్గర ఎవరో కత్తితో గీరినట్టయింది. మూడు రోజులు మంచం మీదే ల్యాప్‌టాప్. ముఠాలో పెద్దాయన వచ్చి చూసి, "నీకెందుకు బాబూ, ఇది అలవాటున్నోళ్ళు చేసే పని" అన్నాడు. "మరి నీకు నొప్పి రాదా బాబాయ్?" అన్నాను. నవ్వి, నడుముకి బిగించి కట్టుకున్న తుండు చూపించాడు. "రాకుండా ఉంటదా? ఇది కట్టుకోకపోతే రాత్రి పడుకోలేను."

ఇక్కడ నాకు సిగ్గనిపించిన విషయం ఒకటుంది. రోజంతా కూర్చుని కోడ్ రాసే నాకు ఆఫీసు వాళ్ళు వేలు పోసి కొన్న కుర్చీ ఇచ్చారు. ఎలా కూర్చోవాలో, స్క్రీన్ ఏ ఎత్తులో ఉండాలో చెప్తూ ఆరు నెలలకోసారి మెయిల్ వస్తుంది. రోజంతా బరువులెత్తే ఆయనకి ఉన్నవి ఒక తుండు, ఒక బామ్ సీసా.

నడుములో జరిగేది ఇదీ

పాతకాలపు కోల తూకం గుర్తుందా? పొడుగాటి కోల, ఒక కొసన తట్ట. తాడు పట్టుకున్న చోటికి దూరంగా ఉన్న చిన్న బరువు, దగ్గరగా ఉన్న పెద్ద బరువుని తూచేస్తుంది. వంగి బస్తా ఎత్తేటప్పుడు మన నడుము కూడా అదే కోల. తాడు కట్టిన చోటు వెన్నుపూస అడుగున ఉన్న డిస్క్. బస్తా దానికి 40 సెంటీమీటర్లు ముందుకి ఉంటుంది. దాన్ని వెనక్కి లాగి ఆపాల్సిన వీపు కండరం మాత్రం డిస్క్‌కి 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది. నలభైని అయిదుతో భాగిస్తే ఎనిమిది. అంటే 45 కిలోల టిక్కీకి ఆ కండరం 360 కిలోల బరువుకి సమానంగా లాగాలి. ఆ లాగుడంతా పడేది డిస్క్ మీదే. తల, ఛాతీ, చేతుల బరువు ఇంకా కలపలేదు.

అమెరికాలో కార్మికుల ఆరోగ్యం మీద పరిశోధన చేసే నియోష్ అనే ప్రభుత్వ సంస్థ, డిస్క్ మీద నొక్కుడు 3,400 న్యూటన్లు దాటితే ప్రమాదం పెరుగుతుందని గీత గీసింది. మన లెక్కలో అది దాదాపు 350 కిలోలు. ఒక్కసారి దాటినంత మాత్రాన డిస్క్ పగిలిపోదు. సమస్యల్లా రోజుకి వందలసార్లు, ఏళ్ళ తరబడి దాటడమే. కొబ్బరితాడు ఒక్కో పోగే తెగినట్టు, డిస్క్ చుట్టూ ఉన్న పొర కొద్దికొద్దిగా చిరుగుతుంది. ఓ రోజు లోపలి గుజ్జు బయటికి పొంగి నరాన్ని నొక్కుతుంది. ఆ రోజు ఎత్తింది ఉత్త బియ్యం సంచి అయినా కావచ్చు. అందరూ ఆ సంచినే తిడతారు.

అదే సంస్థ 1991లో సవరించిన ఒక సూత్రం ఉంది. అన్నీ అనుకూలంగా ఉంటే రెండు చేతులతో ఎత్తడానికి 23 కిలోల దగ్గర మొదలుపెడుతుంది. ఇక అక్కడి నుంచి తీసివేతలే. బరువు ఒంటికి దూరంగా ఉంటే కొంత కోత. నేల మీద నుంచి లేపితే కొంత. నడుం తిప్పితే కొంత. నిమిషానికి ఎన్నిసార్లు ఎత్తుతున్నారన్నదాన్ని బట్టి ఇంకొంత. ఇంజినీర్ బుద్ధి కదా, మా కల్లాన్ని ఆ సూత్రంలో పెట్టి చూశాను. నేలకి జానెడు ఎత్తులో బస్తా పట్టుకుని నడుం దాకా లేపడం, నిమిషానికి ఒకటి, రోజంతా. వచ్చిన జవాబు 8 కిలోలు. అదే బస్తా నడుం ఎత్తు అరుగు మీద, ఒంటికి దగ్గరగా ఉంటే 14 కిలోలు దాటింది. బస్తా మారలేదు, మనిషి మారలేదు. బస్తా ఉన్న చోటు మారితే పరిమితి దాదాపు రెట్టింపయింది. ఈ సూత్రం వీపు మీద మోసే పనికి సరిపోదు, అది వేరే లెక్క. కానీ 45కీ 8కీ మధ్య ఉన్న దూరం చూశాక నా నడుం తొమ్మిదో టిక్కీకే ఎందుకు పట్టిందో అర్థమైంది. ఎనిమిది దాకా ఎలా లాగానన్నదే ఇంకా అర్థం కాలేదు.

"మోకాళ్ళు వంచి ఎత్తు" అంటే సరిపోతుందా?

యూట్యూబ్‌లో వెతికితే వచ్చేదంతా ఇదే సలహా. వీపు నిటారుగా పెట్టు, మోకాళ్ళు వంచు, బరువు ఒంటికి దగ్గరగా పట్టుకో. సలహాలో తప్పు లేదు. అయితే దాన్ని నేర్పినంత మాత్రాన నడుం నొప్పులు తగ్గుతాయా అని ప్రపంచవ్యాప్తంగా జరిగిన ప్రయోగాలన్నీ ఒకచోట చేర్చి చూసిన కాక్రేన్ సమీక్ష 2011లో వచ్చింది. తగ్గుతాయనడానికి ఆధారం దొరకలేదు. కల్లంలో ఒక్క గంట నిలబడితే ఎందుకో తెలిసిపోతుంది. రెండు వందలసార్లు గొంతుకూర్చుని లేస్తే ముందు మోకాళ్ళు పోతాయి. సాయంత్రం నాలుగింటికి, లారీ డ్రైవర్ హారన్ కొడుతుంటే ఏ పాఠమూ గుర్తుండదు.

నడుం బెల్టుదీ ఇదే కథ. అమెరికాలో 160 దుకాణాల్లో సరుకు ఎత్తి దించే 9 వేల మందికి పైగా ఉద్యోగుల్ని గమనించిన అధ్యయనం 2000 డిసెంబరులో జామా పత్రికలో అచ్చయింది. బెల్టు పెట్టుకున్నవాళ్ళకీ, పెట్టుకోనివాళ్ళకీ నడుం దెబ్బల్లో తేడా కనిపించలేదు. బాబాయ్ తుండు ఆయనకి ఆసరాగా అనిపిస్తే కట్టుకోనివ్వండి, తీసేయమని నేను చెప్పను. కానీ బెల్టులు పంచిపెట్టి ఫొటో దిగి, పని అయిపోయిందనుకుంటేనే చిక్కు.

మార్చాల్సింది మనిషిని కాదు, బస్తాని. లేదా బస్తా ఉన్న ఎత్తుని.

దీనికి సాక్ష్యం మన చుట్టుపక్కలే ఉంది. పత్తి జిన్నింగ్ మిల్లులో తయారయ్యే బేలు బరువు 170 కిలోలు. దాన్ని వీపు మీద వేసుకోమని ఎవరూ అనరు. చక్రాల బండి తెస్తారు, దొర్లిస్తారు, మెషీన్‌తో ఎత్తిస్తారు. ఎత్తలేనంత బరువు కాబట్టి అక్కడ నడుం బతికిపోయింది. టిక్కీ అలా కాదు. అతికష్టం మీద ఎత్తగలిగేంత బరువు. అందుకే దానికి చక్రం రాలేదు.

బస్తా అంటే దేవుడిచ్చిన కొలత కూడా కాదు. మా తాతల లెక్కలో ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. ఇప్పటికీ పెద్దవాళ్ళు ఎకరానికి ఇన్ని బస్తాలంటే ఆ డెబ్బై అయిదు కిలోల లెక్కే. ఒకప్పుడు చక్కెర, బియ్యం నూరు కిలోల గోనెల్లో నడిచాయి. ఇప్పుడు 50 కిలోలకి వచ్చాయి. ఆ తగ్గుదల వెనక హమాలీ సంఘాల పోరాటాలున్నాయి. బ్రిటన్‌లో సిమెంటు బస్తా 25 కిలోలే. అక్కడివాళ్ళు మనకంటే బలహీనులని కాదు కదా.

మరి టిక్కీ ఎందుకు తగ్గట్లేదు? ఇక్కడే అసలు పీటముడి. మా వైపు హమాలీ కూలి బస్తాకి ఇంత అని ఉంటుంది. కోల్డ్ స్టోరేజీ అద్దె కూడా టిక్కీకి ఇంత. గోనెసంచి ఖరీదు ఎలాగూ సంచి లెక్కే. కాబట్టి సంచిలో ఎంత ఎక్కువ తొక్కితే రైతుకి అంత మిగులు. అటు ముఠా వాళ్ళకి ఎన్ని బస్తాలు మోస్తే అంత కూలి, కాబట్టి ఆగి ఊపిరి తీసుకుంటే నష్టం. ఇద్దరి లెక్కా కలిసి ఒకే నడుం మీద పడుతోంది. రైతుని విలన్ చేయడం సులువు. కానీ నల్ల తామరపురుగు 2021-22లో తోటల్ని ఊడ్చేసినప్పుడు మా ఇంట్లో జరిగిన లెక్కలు నేను చూశాను. సంచికి పది రూపాయలు కూడా అక్కడ లెక్కే.

కూలి క్వింటాకి ఇంత అని మారితే ఈ ముడి సగం విడిపోతుంది. అప్పుడు పది క్వింటాళ్ళని 22 టిక్కీలుగా మోసినా, 33 టిక్కీలుగా మోసినా ముఠాకి వచ్చేది ఒకటే, రైతు ఇచ్చేదీ ఒకటే. అదనంగా అయ్యేది పదకొండు సంచుల ఖర్చు. నడక పెరుగుతుంది, నిజమే. నడకతో డిస్క్ జారదు.

ఎత్తు సంగతి ఇంకా తేలిక. లారీ అడుగు ఎంత ఎత్తుందో అంత ఎత్తు అరుగు ఉంటే బస్తాని నేల నుంచి లేపే పనే ఉండదు, రెండు చక్రాల తోపుడు బండి మీద తోసుకుపోవచ్చు. ఇంటి దగ్గర కల్లంలో అయితే మంచం ఎత్తున రెండు బల్లలు వేసి, నింపిన టిక్కీలు వాటి మీదే పేర్చుకున్నా చాలు. నేల నుంచి లేపక తప్పని చోట ఇద్దరు కలిసి లేపాలి. యంత్రాల మాట ఎత్తితే మాత్రం ముఠాల్లో మొహాలు మారతాయి. బెల్టు లోడర్ వస్తే పదిమంది చేసే పని నలుగురితో అయిపోతుంది. మిగతా ఆరుగురి సంగతి తేల్చకుండా యంత్రం మంచిదని నేనిక్కడ కూర్చుని రాయడం బాగోదు.

ఆడవాళ్ళ నొప్పికి పేరే లేదు

హమాలీ బరువు కనీసం కంటికి కనిపిస్తుంది. మిరప కోతకి, పత్తి తీతకి వచ్చే ఆడవాళ్ళ సంగతి అదీ లేదు. కర్నూలు జిల్లా పడమటి వైపు నుంచి, ఆదోని, కోసిగి, మంత్రాలయం చుట్టుపక్కల నుంచి, కుటుంబాలకి కుటుంబాలే గుంటూరు వైపు వస్తాయి. వాళ్ళ మాటలో "సుగ్గికి పోవడం". మోకాలికీ నడుముకీ మధ్య ఎత్తులో ఉండే మిరప మొక్క ముందు సగం వంగి పొద్దున్నుంచి సాయంత్రం దాకా కోత. చేతిలో బరువు లేదు. కానీ సగం వంగి ఉండడమే వీపు కండరానికి బరువు, ఎందుకంటే ఒంటి పైభాగమంతా అదే మోయాలి. పత్తిలో ఇంకో తంటా. ఒళ్ళో కట్టుకున్న గుడ్డలోకి తీసిన పత్తి చేరేకొద్దీ నడుం ముందుకి లాగుతూ ఉంటుంది. రెండు భుజాల మీద నుంచి వచ్చే సంచి కట్టుకుని, నిండేదాకా ఆగకుండా సగంలోనే కుప్ప పోస్తే చాలా తేడా పడుతుంది. కూలి కేజీ లెక్కన కాబట్టి గట్టు దాకా నడిచిన టైమ్ వాళ్ళకి నష్టం. కుప్పపట్టా చేను మధ్యలోకి జరపడం రైతు చేతిలో పని, ఒక్క నిమిషం పని.

తొడిమలు తీసేవాళ్ళు, తాలు కాయలు ఏరేవాళ్ళు నేల మీదే కూర్చుంటారు. ఎనిమిది గంటలు బాసింపట్టు, వంచిన మెడ, ఆగని బొటనవేలు. ఓ చిన్న పీట, ముందు కాయలు పోసుకోవడానికి ఎత్తు బల్ల, గంటకోసారి లేచి నాలుగడుగులు. ఇంతకంటే ఎక్కువ సలహా నా దగ్గర లేదు. ఈ మాత్రం కూడా చాలాచోట్ల లేదు.

మందు కొట్టేవాళ్ళ గురించి కూడా ఒక మాట. 16 లీటర్ల ట్యాంకు నిండితే నీళ్ళే 16 కిలోలు, పైన మోటారు, బ్యాటరీ. భుజం పట్టీలతో పాటు నడుం పట్టీ కూడా ఉన్న స్ప్రేయర్ కొనండి. లేదంటే ముప్పాతిక దాకానే నింపండి.

నొప్పి వచ్చాక

మామూలు నడుం పట్టుకి పూర్తిగా మంచానికి అతుక్కుపోవడం మందు కాదు. నేను చేసిన తప్పు అదే. బరువులు మానేసి, నెమ్మదిగా అటూ ఇటూ తిరుగుతుంటే చాలావరకు కొద్ది వారాల్లో తగ్గుతుంది. నొప్పి పిరుదు మీదుగా మోకాలు దాటి పాదం దాకా పాకుతుంటే, కాలు తిమ్మిరెక్కి పట్టు తప్పుతుంటే డాక్టర్‌కి చూపించాలి. తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా అది ఎమర్జెన్సీ. తెల్లారేదాకా ఆగకూడదు, ఆ రాత్రే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. ఆలస్యమైతే కాళ్ళు, మూత్రం మీద పట్టు శాశ్వతంగా పోవచ్చు.

జరుగుతున్నది మాత్రం వేరు. పొద్దున్నే ఆర్‌ఎంపీ దగ్గర ఓ సూది, రెండు నొప్పి బిళ్ళలు, మళ్ళీ పనిలోకి. నొప్పి అంటే ఒళ్ళు ఇచ్చే వార్నింగ్. బిళ్ళ ఆ వార్నింగ్‌ని ఆపుతుంది, దెబ్బని కాదు. పైగా ఎండలో చెమట కారి ఒంట్లో నీరు తగ్గినప్పుడు రోజూ ఈ బిళ్ళలు వేస్తే కిడ్నీల మీద పడుతుంది. కిడ్నీ జబ్బులతో ఎన్నోసార్లు వార్తల్లోకెక్కిన కనిగిరి వైపు వాళ్ళకి ఇది నేను కొత్తగా చెప్పక్కర్లేదు.

ప్రకాశంలో ఇంకో మెలిక ఉంది. కీళ్ళ నొప్పులన్నీ పని వల్లే కాకపోవచ్చు. నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఎముకలు బిగుసుకుపోతాయని మన దేశంలో మొదట బయటపెట్టింది 1937లో, షార్ట్ అనే డాక్టరు బృందం, అప్పటి నెల్లూరు జిల్లాలో. దర్శి, పొదిలి, కనిగిరి అప్పట్లో ఆ జిల్లాలోవే. ఆ వైపు ఊళ్ళలో ఒకే ఇంట్లో బరువులు ఎత్తనివాళ్ళకి కూడా మెడ, నడుం బిగుసుకుపోతుంటే, నడుముతో పాటు నీళ్ళూ టెస్ట్ చేయించాలి.

చట్టం ఏమంటోంది?

చిరంజీవి 'ముఠామేస్త్రి' వచ్చింది 1993లో. దానికి పదిహేడేళ్ళ ముందే, 1976లో, ఆంధ్రప్రదేశ్‌లో ముఠా, జట్టు, హమాల్ తదితర కార్మికుల చట్టం అని ఒకటి వచ్చింది. పేరులోనే మన మాటలున్న చట్టం. వాళ్ళ పనినీ సంక్షేమాన్నీ చూడడానికే పెట్టారు. హమాలీలకి సంక్షేమ బోర్డు కావాలని యూనియన్లు ఇప్పటికీ రోడ్డెక్కుతున్నాయంటే అది ఎంత పనిచేసిందో మీరే ఊహించుకోండి. పక్కన మహారాష్ట్రలో 1969 నాటి మాథాడి చట్టం ఉంది. మాథా అంటే తల, తల మీద మోసేవాళ్ళు. అక్కడ కూలి బోర్డు ద్వారా వెళ్తుంది, దాని మీద సరుకు యజమాని దగ్గర వసూలు చేసే సెస్సుతో పీఎఫ్, గ్రాట్యుటీ, వైద్యం నడుస్తాయి. దానిలోనూ గొడవలు లేకపోలేదు. కానీ నడుం పడిపోయిన మనిషికి ఓ ఖాతా అంటూ ఉంటుంది.

బరువు మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే 127వ నంబరు ఒప్పందం తెచ్చింది. దాంతో వచ్చిన సిఫార్సులో మగవాళ్ళకి గరిష్ఠంగా 55 కిలోలు. ఆ ఒప్పందాన్ని మనదేశం ఆమోదించింది 2010లో. 45 కిలోల టిక్కీ ఆ గీతకి కిందే ఉంది కాబట్టి రూలు ప్రకారం అంతా సవ్యమే. అలా చూస్తే బాబాయ్ నడుముకి ఏమీ కాకూడదు మరి. మెట్ల మీద నుంచి జారి కాలు విరిగితే అది ప్రమాదం, పేపర్లో పడుతుంది. ఇరవై ఏళ్ళు మోసి నడుం అరిగితే దాని పేరు "వయసు". నలభై అయిదేళ్ళకే వచ్చినా సరే.

పోయిన సీజన్లో మా ఇంట్లో ఓ ప్రయత్నం చేశాం. యార్డుకి వెళ్ళే సరుకు 30 కిలోల చొప్పున నింపించి, ముఠాకి కూలి క్వింటా లెక్కన మాట్లాడాం. అదనపు సంచులకి నాన్న రెండు రోజులు సణిగారు. ముఠా వాళ్ళు మొదట అనుమానంగా చూశారు, లెక్కలో ఎక్కడో మోసం ఉందని. ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి రెండుసార్లు చూపించాక ఒప్పుకున్నారు. బాబాయ్ మొదటి టిక్కీ వీపు మీదకి తీసుకుని, "ఇదేంది, సగమే నింపారా?" అన్నాడు.

కోల్డ్ స్టోరేజీకి పంపిన సరుకు మాత్రం 45 కిలోల టిక్కీల్లోనే వెళ్ళింది. అక్కడ అద్దె టిక్కీ లెక్క. నాన్నని ఒప్పించలేకపోయాను.